మన మాట మనమే చెప్పుకోవాలి



మార్లవాయి ఉన్న మండలంలో, హైమన్‌డార్ఫ్ దంపతుల స్మరణలో నిలబడి అమెరికా సంఘాల గురించి చెప్పబోతున్నాను. ఈ రెంటికీ సంబంధం ఉంది.

1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీమ్ నేలకొరిగాకే గోండుల గోడేమిటో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు తోచింది. ఆ పని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన మార్లవాయిలో కాపురముండి విన్నారు, రాశారు. 1943లో అక్కడే గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది. ఆ రుణం తీరేది కాదు. అయినా ఒక్కటి గమనించండి: మన గోడు హైదరాబాదు చేరడానికి ఒక పరదేశి పండితుడు కావలసివచ్చింది.

ఆ మరుసటి ఏడాదే, 1944లో, అమెరికాలోని డెన్వర్‌లో పలు తెగల ప్రతినిధులు కలిసి అమెరికన్ ఇండియన్ల జాతీయ కాంగ్రెస్‌ను స్థాపించారు. 1953లో అక్కడి చట్టసభ తెగలకున్న ప్రత్యేక గుర్తింపును, రక్షణలను రద్దుచేసే విధానానికి తీర్మానం చేసింది. ఆ సంఘం ఏళ్ల తరబడి ఎదురునిలిచింది. 1975 నాటికి అదే ప్రభుత్వం తెగల స్వయంనిర్ణయానికి చట్టం చేసింది. ఆ మలుపు వెనుక ఎన్నో పోరాటాలున్నాయి. వాటిలో ఈ సంఘం పాత్ర చిన్నది కాదు.

అయితే సంఘాలన్నిటి బలం ఒకటే కాదు. స్వేచ్ఛ ఉన్నచోట వర్గాలు పుట్టకుండా ఆపలేమని, దేశం పెద్దదైతే ఏ ఒక్క వర్గమూ మిగతావాళ్లను తొక్కేయలేదని అమెరికా రాజ్యాంగ రూపకర్తల్లో ఒకడైన మాడిసన్ 1787లో రాశాడు. అది సగం నిజమే. లాభం పెద్దది, పంచుకునేవాళ్లు కొందరే అయితే వాళ్లు ఇట్టే ఏకమవుతారని, నష్టం లక్షలమందికి కొంచెం కొంచెంగా పంచుకుపోతే ఎవరూ కదలరని 1965లో ఆర్థికవేత్త ఓల్సన్ వివరించాడు. అందుకే మందుల కంపెనీలకు, చమురు కంపెనీలకు వాషింగ్టన్‌లో ఏడాది పొడుగునా తమ తరఫున మాట్లాడే జీతగాళ్లుంటారు. 2010లో అక్కడి సుప్రీంకోర్టు, ఎన్నికల వేళ కంపెనీలు విడిగా పెట్టే ఖర్చు మీద హద్దు కూడా ఎత్తేసింది.

మన సంగతికొద్దాం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చినవాళ్ల మీద తుపాకులు పేలాయి. సర్కారు లెక్కలోనే 13 మంది చనిపోయారు. 2000లో ఏజెన్సీ టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకేనంటూ జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఇరవై ఏళ్లూ కోర్టు కాగితాలను కనిపెట్టుకుని ఉన్న సంఘాలు మనకెన్ని? బందులు, రాస్తారోకోలు మనకు బాగా వచ్చు. ముసాయిదా రాసే గదిలో కూర్చోవడమే ఇంకా రాలేదు.

ఎస్టీ జాబితాలో లంబాడాలు ఉండటం మీద ఆదివాసీ సంఘాలది ఒక వాదం, లంబాడా సంఘాలది మరో వాదం. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఇద్దరికీ ఉంది. ఆ తగవు కాగితం మీద, కోర్టులో, చట్టసభలో తేలాలి. ఊళ్ల మధ్య కాదు.

మన తగవులు తీర్చే రాయి సెంటర్ల పెద్దలకు నా విన్నపం ఇది. ప్రతి సెంటర్‌లో చదువుకున్న ఒక ఆడపిల్లను, ఒక మగపిల్లవాణ్ణి కూర్చోబెట్టండి. జీవోలు, తీర్పులు, పట్టా నకళ్లు వాళ్ల దగ్గర భద్రంగా ఉంచండి. ఇంటికింత చందా వేసి, ఒక వకీలును ఏడాదంతా నిలుపుకోండి. ఈ పని ఈ పంటకాలంలోనే మొదలుపెట్టండి.