కోత మిషన్‌లో ఎంత ఆయిల్ పోయాలి? ముందు అది ఏ మిషనో చూడండి

నేను మళ్లీ మన కూసుమంచి నుంచే మాట్లాడుతున్నాను. వెనకాల సౌండ్ వినిపిస్తోంది కదా, అది జామాయిల్ కోత. పాలేరు వైపు నుంచి భద్రాచలం దాకా ఈ సీజన్‌లో ఎటు పోయినా ఇదే సౌండ్. కోసిన కర్ర లారీలెక్కి సారపాక పేపర్ మిల్లుకి పోతుంది. కోసేవాళ్లకి టన్నుకి ఇంత అని లెక్క, అంటే మిషన్ ఆగిన రోజు కూలీ కూడా ఆగినట్టే. అందుకే ఈ ఎపిసోడ్.

పోయిన నెల ఒక తమ్ముడు తన మిషన్ పట్టుకొచ్చాడు. అప్పు చేసి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడంట. పదో రోజుకి తాడు లాగితే కదలట్లేదు. సైలెన్సర్ విప్పి టార్చ్ కొట్టి చూస్తే పిస్టన్ మీద నిలువుగా గీతలే గీతలు. ఇంజిన్ పట్టేసింది. "అన్నా, నేను వీడియో చూసే కలిపాను, లీటర్‌కి 20 ఎంఎల్" అన్నాడు. లెక్కలో తప్పు లేదు. కానీ ఆ లెక్క వేరే మిషన్‌ది. పైన స్టిక్కర్ పెద్ద కంపెనీది, లోపల బండి మాత్రం ఊరూ పేరూ లేని 58 సీసీ కాపీ. పైగా పోసింది లూజ్ ఆయిల్. ఇంజిన్ పోవడానికి కారణం అదొక్కటే అని నేను ఒట్టేసి చెప్పను. కానీ అది ఏ మిషనో తెలిసుంటే ఆ 20 దగ్గర ఆగేవాడు కాదు.

అసలు ఆయిల్ ఎందుకు కలపాలి? మన బైక్‌లో ఇంజిన్ ఆయిల్‌కి కింద వేరే చోటు ఉంటుంది. కోత మిషన్ టూ స్ట్రోక్, దీనికి ఆ చోటే లేదు. పెట్రోల్, గాలి ముందు క్రాంక్ గదిలోకి వెళ్లి, అక్కడి నుంచి పైకి ఎక్కుతాయి. ఆ దారిలో బేరింగులకీ పిస్టన్‌కీ తగిలే తడి ఏదైనా ఉందంటే అది పెట్రోల్‌లో మీరు కలిపిన ఆయిలే. ఆర్‌ఎక్స్ 100 నడిపిన బాబాయిలని అడగండి, ఇంకా బాగా చెప్తారు.

ఇప్పుడు మిషన్‌ని గుర్తుపట్టడం. స్టిల్ అయితే కవర్ మీద ఎంఎస్ 180, ఎంఎస్ 250 ఇలా ఉంటుంది. ఎంఎస్ అంటే జర్మన్‌లో మోటార్ రంపం. ఆ అంకె సీసీ కాదు ఫ్రెండ్స్, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎంఎస్ 180 ఇంజిన్ దాదాపు 32 సీసీ, అంతే. బాగా పాతవాటి మీద ఎంఎస్ లేకుండా 018 అని ఉంటుంది. స్టిక్కర్‌ని నమ్మొద్దు, బాడీ మీద గుద్దిన తొమ్మిదంకెల సీరియల్ నంబర్ వెతకండి. హస్క్‌వర్నా అయితే లేబుల్ మీద మోడల్, ప్రొడక్ట్ నంబర్, సీరియల్ నంబర్ ఉంటాయి. ఈ మధ్య వచ్చినవాటిలో సీరియల్ మొదటి నాలుగు అంకెలు సంవత్సరం, తర్వాతి రెండు వారం. 201923 అని మొదలైతే 2019లో 23వ వారంలో తయారైందన్నమాట. అమ్మేవాడు "పోయినేడే కొన్నా" అంటే నవ్వి ఊరుకోండి.

ఏ నంబరూ దొరక్కపోతే? దాన్ని కాపీ మిషన్ అనుకునే లెక్కెయ్యండి. 52, 58 అని అమ్మేవాటిలో ఎక్కువ వాటికి పుస్తకంలో 25:1 అనే రాసి ఉంటుంది. కొన్నిటికి ట్యాంక్ మూత మీదే ఉంటుంది, మట్టి తుడిచి చూడండి. సెకండ్ హ్యాండ్ కొనేముందు సైలెన్సర్ విప్పి పిస్టన్ చూపించమని అడగండి. రెండు మూడు బోల్టుల పని. చూపించనంటే మీరు కొనొద్దు.

లెక్క సింపుల్. 50:1 అంటే లీటర్ పెట్రోల్‌కి 20 ఎంఎల్, 5 లీటర్లకి 100. 25:1 అంటే లీటర్‌కి 40, 5 లీటర్లకి 200. కొన్ని కంపెనీల పుస్తకాల్లో సొంత ఆయిల్ అయితే 50:1, బయటి ఆయిల్ అయితే 33:1 లేదా 25:1 అని రెండు లెక్కలు ఉంటాయి. అంటే మిషన్‌తో పాటు ఆయిల్ డబ్బా కూడా చదవాలి. డబ్బా మీద జాసో ఎఫ్‌సి లేదా ఎఫ్‌డి అని ఉంటే మంచిది. టీసీ-డబ్ల్యూ3 అని ఉంటే అది పడవ ఇంజిన్లది, వద్దు. బైక్‌లో పోసే 20డబ్ల్యూ40 అస్సలు వద్దు. ఆయిల్ రంగు చూసి "ఎర్రగా వచ్చింది, సరిపోయింది" అనేవాళ్లున్నారు. రంగు కంపెనీ వేసేది, దాన్ని బట్టి కొలత తెలీదు.

"కొంచెం ఎక్కువ పోస్తే సేఫ్ కదా బ్రో" అని నన్ను రోజూ అడుగుతారు. కాదు. ఆయిల్ పెరిగితే అదే చుక్కలో పెట్రోల్ తగ్గుతుంది, గాలి పాలు ఎక్కువై ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. ప్లగ్గు, సైలెన్సర్ మసి పట్టిపోతాయి.

కొలవడానికి మెడికల్ షాపులో సిరంజి కొనండి. పురుగుమందు కొలిచే మూత మాత్రం వాడకండి. క్యాన్‌లో సగం పెట్రోల్, తర్వాత ఆయిల్, బాగా ఊపి, మిగతా పెట్రోల్. ట్యాంక్‌లో పోసే ప్రతిసారీ మళ్లీ ఊపాలి.

ఇక అసలు తలనొప్పి పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. చాలా కోత మిషన్ల పుస్తకాల్లో 10 శాతం దాకే ఒప్పుకుంటాం అని ఉంటుంది. మనకి వేరే దారి తక్కువ, కాబట్టి ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. ఆయిల్ పైన పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. మిషన్ ట్యాంక్‌లో పెట్రోల్ లాగే ఫిల్టర్ ఎక్కడుంటుంది? అడుగునే. అంటే ఇంజిన్ ఆయిల్ లేని ద్రవం తాగుతుంది. కొలత పక్కాగా ఉన్నా లాభం లేదు.

కావాలంటే ఆరుబయట, నిప్పుకి, బీడీకి దూరంగా చేసి చూడండి. గీతలున్న గాజు కొలపాత్రలో 10 ఎంఎల్ నీళ్లు, పైన 100 ఎంఎల్ పెట్రోల్ పోసి ఊపి కాసేపు ఉంచండి. ఈ20 అయితే కింది పొర 10 దగ్గర ఆగదు, 30కి దగ్గరగా పెరుగుతుంది. పెరిగిందంతా ఇథనాలే. ఆ పెట్రోల్ మాత్రం తిరిగి మిషన్‌లో పోయకండి.

అందుకని డ్రమ్ము కలిపి పెట్టుకోకండి. ఎంఎస్ 180 ట్యాంక్ పావు లీటరే, అంటే లీటర్ కలిపితే నాలుగు ట్యాంకులు. రెండు మూడు రోజులకి సరిపడా కలుపుకోండి. వానాకాలంలో ఇంకా తక్కువ. పని వారం పైన ఆగితే ట్యాంక్ ఖాళీ చేసి, ఆగిపోయేదాకా మిషన్ నడపండి. అప్పుడు కార్బురేటర్‌లో చుక్క మిగలదు.

ఇంకో రెండు మాటలు. రెండో ట్యాంక్ చైన్ ఆయిల్‌ది, మూతలు మార్చి పోయకండి, కంగారులో జరుగుతుంది. వేడి ఇంజిన్‌లో పెట్రోల్ పోయొద్దు. మన ఖమ్మం ఎండలో మూత తీయగానే చిమ్ముతుంది. పోసిన చోటు నుంచి మూడు మీటర్లు పక్కకి జరిగి స్టార్ట్ చేయండి.

ఆ తమ్ముడి మిషన్‌కి సిలిండర్, పిస్టన్ కిట్ వేశాం. 25:1 మీద నడుస్తోంది, ఇప్పటిదాకా బానే ఉంది. మీ మిషన్ మీద నంబర్ అర్థం కాకపోతే ఫొటో తీసి పెట్టండి, స్టిక్కర్ కాదు, బాడీ మీద గుద్దింది. వచ్చే వారం చైన్ పదును, ఆకురాయి సైజులు చూద్దాం. ఉంటాను.