కోడలి మాట కోడలే చెప్పవలెను

(మన సంఘ సభలో చదివిన ప్రసంగము)



నేడు కుటుంబ నియంత్రణమును గూర్చి, ముఖ్యముగా యౌవనమున నున్న మన పిల్లలకు అందవలసిన సలహాను గూర్చి, నాలుగు మాటలు విన్నవింప పూనితిమి. పెద్దలు కూర్చున్న సభలో ఈ ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. పెద్దలున్నారు గనుకనే చెప్పవలసియున్నది. పిల్లలకు ఈ విషయము తెలియకపోవుటకు మొదటి కారణము మన మౌనమే గదా!

ఈ విషయమున మన నగరమునకు చిరకాల చరిత్ర కలదు. 1930లో, మీర్జా ఇస్మాయిల్ దివానుగా నున్న కాలమున, నాటి మైసూరు ప్రభుత్వము తన ఆసుపత్రులలో సంతాన నియంత్రణ క్లినిక్కులు తెరచుటకు ఉత్తరువొసగినది. ఒక ప్రభుత్వము తానే ఇట్టి పనికి పూనుకొనుట ప్రపంచమున అదియే ప్రథమమని చెప్పుదురు. భారత ప్రభుత్వము దేశమంతటికిని కుటుంబ నియంత్రణ కార్యక్రమమును ఆరంభించినది 1952లో.

ఆ దినములలోనే మనకు సమీపముననున్న రామనగరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయముతో ఒక ప్రయోగము జరిగినది. గర్భము నిలుచు దినములేవో, నిలువని దినములేవో గుర్తుంచుకొనుటకై స్త్రీలకు రంగుపూసల దండలిచ్చిరి. ఆ పద్ధతి ఆశించిన ఫలము నీయలేదు. నెలసరి క్రమముగా రానివారికి ఆ లెక్క కుదరదు. భర్త సహకరింపనిచో కుదిరిన లెక్కయు వ్యర్థమే. దీనినుండి మనము నేర్వవలసినది యొకటి కలదు. సాధనమును చేతికిచ్చుట వేరు. ఆమె ఆరోగ్యమును, సంసారమును, కోరికను అడిగి తెలిసికొని తగినదానిని ఆమెయే ఎన్నుకొనునట్లు చేయుట వేరు. ఈ రెండవదానినే మనము సలహా యనవలెను.

ఇక మన సంగతి చూతము. తరతరములుగా ఇచ్చట స్థిరపడినను, అనంతపురము, చిత్తూరు సీమలనుండి కోడండ్రను తెచ్చుకొనుట మనము మానలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశమున ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే వివాహమైనది. పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల బాలికలలో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో, గర్భవతులో అయియుండిరి. దేశమంతటికి ఈ సంఖ్య 6.8 మాత్రమే. మరియొక వంక, వివాహితలలో శస్త్రచికిత్స చేయించుకొన్నవారు ఆంధ్రమున నూటికి 70 మంది, కర్ణాటకమున 57 మంది. వీని యర్థమేమి? ఆడపిల్లకు వెంటనే పెండ్లి, వెంటవెంటనే ఇద్దరు బిడ్డలు, అటుపిమ్మట ఆపరేషను. నడుమ తన దేహమును గూర్చి ఆలోచించుకొనుటకు ఆమెకు వ్యవధి యెక్కడ?

మేమెరిగిన ఒక ఇంటి కోడలికి అప్పటికి పందొమ్మిదేండ్లు. తొలి కాన్పై ఆరు నెలలైనది, రక్తహీనతతో నీరసించియున్నది. ఆసుపత్రిలో సలహాదారు కన్నడమున అడిగిన ప్రతి ప్రశ్నకును అత్తగారే బదులు చెప్పినది. "ఇప్పుడేమియు వద్దు, మగపిల్లవాడు పుట్టనిండు" అని ముగించినది. కోడలు తల వంచుకొని వినుచుండెను. ఆమెకు కన్నడము రాదు. ఏడాది తిరుగకమునుపే మరల గర్భము. అత్తగారు చెడ్డది కాదు. తన కాలమున తనకు ఎవరును చెప్పనిదానినే తానును చెప్పలేదు. తప్పు మనందరిది.

కాన్పైన పిమ్మట మరల గర్భము ధరించుటకు రెండేండ్లైనను ఎడముండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఈ ఎడమునకు ఆపరేషను అక్కరలేదు. కాపర్-టి కలదు, కోరినప్పుడు తీయించుకొనవచ్చును. మూడు నెలలకొకమారు వేయు అంతరా ఇంజెక్షను, హార్మోను లేని ఛాయ మాత్రలు 2017లో ప్రభుత్వ కార్యక్రమమున చేరినవి. నిరోధ్ వంటి తొడుగు గర్భమునే గాక సుఖవ్యాధులను గూడ అరికట్టును. ఆ భారము పురుషుడు వహించునది. ఏది ఎవరికి తగునో వైద్యులు పరీక్షించి చెప్పవలెను. ఏది కావలెనో ఆ దంపతులు నిర్ణయించుకొనవలెను. కాపర్-టి వలన సంతానము మరెన్నడు కలుగదను భయము నిరాధారము.

పెండ్లికాని పిల్లల మాటయు మరువరాదు. 2014లో ఆరంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము పది మొదలు పందొమ్మిదేండ్ల బాలబాలికల కొరకు ఏర్పడినది. కర్ణాటకమున దీని క్రింద స్నేహ క్లినిక్కులు వెలసినవి. నెలసరి బాధలు, రక్తహీనత, యౌవనపు సందేహములు అచట అడుగవచ్చును. ఇట్టివి చెప్పిన పిల్లలు చెడిపోవుదురను భయము మనలో కలదు. మనము చెప్పనిచో వారు తెలిసికొనకుందురా? వీధిలోను, చేతిలోని ఫోనులోను తెలిసికొందురు. అందులో నిజమెంతయో ఎవరెరుగుదురు?

కావున మన కుటుంబములకు మూడు విన్నపములు. మొదటిది: అమ్మాయికి పదునెనిమిది, అబ్బాయికి ఇరువదియొకటి నిండువరకు పెండ్లి మాట తలపెట్టవద్దు, నిశ్చయమైన పిమ్మట ముహూర్తమునకు ముందే వధూవరులనిద్దరిని వైద్యుల యొద్దకు పంపుడు. రెండవది: తండ్రులు కొడుకులతో మాటలాడవలెను, ఇది ఆడవారి వ్యవహారమని తప్పించుకొనరాదు. మూడవది మన సంఘము చేయదగినది: రెండు భాషలును బాగుగా వచ్చిన స్త్రీలు పేటకిద్దరు ముందునకు వచ్చి, క్రొత్తగా వచ్చిన కోడండ్రకు తోడుగా ఆసుపత్రికి వెళ్లవలెను. వారి పని మాటను మార్చి చెప్పుటయే. తమ మాటను చేర్చుట కాదు, విన్నదానిని బయట చెప్పుట అంతకన్నను కాదు.

మన భాష నిలువవలెనని ఈ సంఘమున ఇన్నేండ్లుగా పాటుపడుచున్నాము. తన ఒంటి బాధను తన నోట, తన భాషలో చెప్పుకొనలేని కోడలు మన ఇంటనున్నంత కాలము ఆ పాటు సగమే ఫలించినట్లు. తొమ్మిది దశాబ్దములకు మునుపే ఈ గడ్డపై తలుపు తెరచియున్నది. మన పిల్లలను ఆ గడప దాటించు భారము మనదే.