ఖాళీ కుండీ అని పారబోయకండి: ఫుట్‌బాల్ లిల్లీ దుంప నిద్రలో ఉంది

ఇవాళ నా చేతిలో పువ్వు లేదు, మొక్క లేదు. ఉత్తి మట్టి కుండీ ఉంది. దీని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక క్లారిటీ. ఆన్‌లైన్‌లో పెద్ద పూల ఫోటోలు పెట్టి అమ్మే ఏషియాటిక్, ఓరియంటల్ లిల్లీలకి చలికాలం బాగా చల్లగా ఉండాలి. దుంపల్ని ముందే కొన్ని వారాలు చలిలో ఉంచి అమ్ముతారు కాబట్టి మొదటిసారి పూస్తాయి. తర్వాత మన వేడికి చాలావరకు మళ్ళీ పూయవు. అది మీ తప్పు కాదు.

మనకి సెట్ అయ్యేది ఫుట్‌బాల్ లిల్లీ. పేరుకే లిల్లీ, అసలు లిల్లీ జాతి కాదు. దీని పుట్టిల్లు ఆఫ్రికా. ఒక్కో ఎర్ర బంతిలో వందకు పైగా చిన్న పూలు ఉండొచ్చు. ఎక్కువగా మేలో పూస్తుంది, అందుకే మే ఫ్లవర్ అని కూడా అంటారు.

నాకు మొదటి దుంప మా అమ్మమ్మ ఇచ్చింది. చలికాలం రాగానే ఆకులు పసుపెక్కి పడిపోయాయి. నీళ్ళు చాలట్లేదేమో అని రోజూ పోశాను. జనవరిలో తవ్వి చూస్తే దుంప మెత్తబడి కుళ్ళు వాసన కొట్టింది. ఏం చేయాలో అడుగుదామంటే అప్పటికి అమ్మమ్మ లేదు. పక్కన గోళీకాయంత పిల్ల దుంప ఒక్కటి గట్టిగా ఉంది. అది పూయడానికి మూడేళ్ళు పట్టింది ఫ్రెండ్స్!

నేను చేసిన తప్పు మీరు చేయకండి. అడుగున చిల్లు ఉన్న కుండీ తీసుకోండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. దుంప మెడ మట్టి పైకి కొంచెం కనపడేలా నాటండి. పొద్దున ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ ఉండే చోట పెట్టండి.

పువ్వు వాడిపోయాక కాడ మాత్రమే కత్తిరించండి, పచ్చటి ఆకుల జోలికి వెళ్ళొద్దు. వచ్చే ఏడాది పువ్వుకి కావాల్సిన బలాన్ని దుంపలో దాచేది ఆ ఆకులే. ఎరువు వేయాల్సింది కూడా అప్పుడే. ఆకులు వాటంతట అవే ఎండిపోతే నీళ్ళు ఆపేసి, కుండీని వాన పడని చోట పెట్టండి. ఏప్రిల్‌లో మొలక కనిపించాక మళ్ళీ నీళ్ళు మొదలుపెట్టండి. ఏటా తవ్వి కుండీ మార్చకండి, కదిలిస్తే దీనికి నచ్చదు.

ఒక జాగ్రత్త. ఈ మొక్క తింటే విషం. చిన్నపిల్లలకి, పెంపుడు జంతువులకి అందకుండా ఉంచండి.

ఆఖరి మాట. కుండీ మీద మార్కర్‌తో ‘లోపల దుంప ఉంది’ అని రాయండి. లేదంటే ఇంట్లో ఎవరో ఒకరు ఖాళీ కుండీ అనుకుని కొత్తిమీర గింజలు చల్లేస్తారు! మేలో ఇదే కుండీతో మళ్ళీ కలుద్దాం. బై ఫ్రెండ్స్!