పాత బొమ్మకు శుద్ధప్రతి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమున పుస్తకములుండవలెను గాని టెలివిజన్ బొమ్మలకు చోటేమి అను ప్రశ్న పఠనమందిరములో వినవచ్చుచున్నది. పాత ధారావాహికలను, పాత చిత్రములను శుభ్రపరచి అల్ట్రా హెచ్‌డీ డిస్కులపై నెక్కించి విక్రయించుచుండగా, పడుచువారు కొందరు వానిని కూర్చుకొనుచున్నారు. పెద్దలకిది ఆటవస్తువుల వ్యామోహముగ తోచుట సహజమే. చెదలు తిన్న తాటాకులను మూటగట్టి తెచ్చినవారినిగూడ ఒకనాడు లోకము అట్లే చూచినది. 19వ శతాబ్దమున సి.పి. బ్రౌన్ దొర జూలూరి అప్పయ్య మొదలగు పండితులను కొలువున పెట్టుకొని, ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి సరిచూపించి శుద్ధప్రతులు వ్రాయించెను. డిస్కుల విషయమునను తెలిసికొనవలసినది ఆ సరిచూచుటను గురించియే.

కావ్యమునకు వ్రాతప్రతి యెట్టిదో దృశ్యమునకు ఫిల్మో, టేపో అట్టిది. ఈ రెంటికి గల భేదము తెలియక డిస్కు కొనుట, అడంగలు చూడక భూమి కొనుట వంటిది. 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీసిన నెగెటివులో ఆనాడు ఇంటి టీవీ చూపగలిగినదానికంటె ఎన్నో రెట్లు వివరము నిక్షిప్తమై యుండును. దానిని నేడు మరల స్కాను చేసినచో, తీసిన నాడెవరును ఇంట చూడని స్పష్టత బయటపడును. అమెరికాలో 1951లో మొదలైన ఐ లవ్ లూసీ అను హాస్య ధారావాహిక ఇందుకు చక్కని తార్కాణము. నటీనటులైన ఆ దంపతులు హాలీవుడ్డు విడిచి పోమనిరి. తూర్పు తీరపు ప్రేక్షకులకు మసకబొమ్మలు పంపుట ప్రసారకర్తల కిష్టము లేదు. అందుచేత మూడు కెమెరాలతో ఫిల్ముపైననే తీయవలసి వచ్చెను. ఆనాటి తగవుకు కనుగొన్న ఉపాయము నేటివారికి నిధియైనది.

టేపు సంగతి వేరు. దూరదర్శన్ హైదరాబాదు కేంద్రము 1977లో ఆరంభమైనది. 1987 జనవరి 25న రామాయణము, 1988 అక్టోబరు 2న మహాభారతము ప్రసారము మొదలై, ఆదివారము ఉదయమున వీధులు నిర్మానుష్యములైన సంగతి ఈ సభలో చాలమంది యెరుగుదురు. ఆ కాలపు ధారావాహికలలో పెక్కింటికి మూలము వీడియో టేపే. టేపును అంకెలలోనికి మార్చినచో అడ్డముగ 720, నిలువుగ 576 చుక్కలు; వెరసి 4,14,720. అల్ట్రా హెచ్‌డీ తెరకు కావలసినవి 3,840 చేత 2,160ని గుణించగా 82,94,400. భాగించి చూడుడు: సరిగా 20 రెట్లు, శేషము లేదు. అనగా టేపులోని ఒక్క చుక్కకు పందొమ్మిది చుక్కలు యంత్రము ఊహించి చేర్చవలెను. ఇరువది పద్యముల శతకమున ఒక్కటే కవిది, తక్కినవి లేఖకునివి అయినచో దానిని ఏ పేర పిలుతుము? అట్ట మీద 4కె అని బంగారు వర్ణమున అచ్చువేసినంత మాత్రమున మూలము పెరుగదు. టేపుపై నున్నదానిని టేపుకు తగిన కొలతలోనే, మరకలు తుడిచి, ధ్వని సవరించి ఇచ్చుట నిజాయితీ.

టేపుకు ఇంతకంటె పెద్ద గండమొకటి కలదు. అది ఖరీదైన వస్తువగుటచే, చెరిపి మరల వాడెడివారు. లండనులోని బీబీసీవారు 1960లలోని డాక్టర్ హూ భాగములను అట్లే పెక్కింటిని పోగొట్టుకొనిరి. విదేశములకు పంపిన ఫిల్ము ప్రతులు తొమ్మిది నైజీరియాలోని జాస్ పట్టణమున దొరకినట్లు 2013లో వెల్లడియైనది. మన కావ్యములు కొన్ని పుట్టినచోట నశించి తంజావూరులో దొరకలేదా! విచిత్రమేమన, పోయిన భాగములన్నింటి ధ్వని మాత్రము మిగిలియున్నది. ఆనాటి బాలురు కొందరు ఇంట టీవీ యెదుట టేపురికార్డరు పెట్టి పట్టుకొనిరి.

ఇక తెలుగువారి సొత్తు. 1957లో వచ్చిన మాయాబజార్‌ను చాలమంది టెలివిజనులోనే చూచిరి. దానికి రంగులద్ది 2010 జనవరి 30న మరల విడుదల చేసిరి. అద్దినవారి శ్రమ అల్పము కాదు. చిన్నపిల్లలు చిత్రమువైపు మరలిరనుటయు నిజమే. అయినను ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ నౌకావిహారపు వెన్నెలను నలుపు తెలుపుల మధ్యనున్న వేయి ఛాయలలో కూర్చెను. రంగులప్రతి వ్యాఖ్యానము వంటిది. వ్యాఖ్యానమును చదువవచ్చును, మెచ్చుకొనవచ్చును. మూలమును తీసివేసి దాని చోట కూర్చుండబెట్టరాదు. 2024లో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి ఆయన చిత్రములు పదింటిని ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్‌వారు కాకినాడ, వరంగల్లు వంటి ఊళ్లకుగూడ తెచ్చిరి. వానిలో 1953 నాటి దేవదాసు కలదు. ప్రాతనలుపును ప్రాతనలుపుగనే శుభ్రపరచినచో ఎంత నిండుగ నుండునో చూచినవారు చెప్పగలరు.

శ్రమయెంతటిదో తెలియగోరువారు పథేర్ పాంచాలి కథ వినవలెను. 1993లో లండను ప్రయోగశాలలో జరిగిన అగ్నిప్రమాదమున సత్యజిత్ రాయ్ చిత్రముల నెగెటివులు కాలినవి. కాలి ముడుచుకొనిన ఆ రీళ్లను పారవేయక అమెరికాలోని అకాడమీవారు దాచిరి. ఇటలీలోని బొలోన్యా నగరపు పనివారు ఒక్కొక్క చట్రమునకు చెడిన అంచులు చేతితో సరిజేసి, అక్కరకు వచ్చినంత మేర నెగెటివును వాడుకొని, తక్కినదానిని ఇతర ప్రతులనుండి పూరించిరి. 2015లో అది తిరిగి తెరకెక్కినది. పాఠపరిష్కరణమనగా ఇదియే.

విశాఖవారికి ఇందులో సొంత లాభమొకటి కలదు. 1978లో బాలచందర్ మరోచరిత్రను విశాఖపట్టణము, భీమునిపట్టణము తీరములలో తీసెను. రంగుల చిత్రములు వచ్చుచున్న కాలమైనను నలుపు తెలుపులనే ఎంచుకొనెను. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది గాని అప్పటికి కొలిమి రాజుకొనలేదు. సరితా కమలహాసనుల వెనుక కనబడు తీరము, దారులు, ఇండ్లు నేడట్లు లేవు. కథ కొరకు చూచినవారు కథ చూతురు. ఊరి కొరకు చూచువారికి ఆ చిత్రము సర్వే పటము వంటిది. మంచి నెగెటివునుండి తీసిన ప్రతిలో దూరపు గోడలుగూడ గుర్తుపట్టవచ్చును, మసకప్రతిలో సముద్రము తప్ప మిగులదు.

అన్నియు ఇంటర్నెట్టులో నున్నవి, డిస్కెందుకు అనువారు కలరు. అచ్చట నున్నది అద్దె సరకు. హక్కుల గడువు తీరినచో ఒకనాటి రాత్రి మాయమగును. చూచువాని అనుమతి నడుగరు. డిస్కు అరలో నున్నది అరలోనే యుండును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు దినముల తరబడి విశాఖ చీకటిలో నుండెను. అప్పుడు డిస్కునకును కరెంటు లేదు గదా యందురేమో. నిజమే, కాని కరెంటు వచ్చిన మరునాడది పలుకును, తడియనిచో. ఈ తీరపు ఉప్పుగాలి, చెమ్మ దానికి పగ. పెట్టెలో నిలువుగ నిలిపి, నేలకు ఎత్తున, గోడకు దూరముగ ఉంచవలెను. మెరయు ముఖమును వ్రేలితో తాకరాదు. దొంగప్రతులను ఉచితముగ నిచ్చినను తీసికొనరాదు. వానికి మూలమేదో చెప్పగలవారుండరు.

కార్యవర్గమువారు అర పెట్టుదురేని ముందుగ ఒక రిజిస్టరు గీయుట మేలు. పేరు, తీసిన సంవత్సరము ఎవరైనను వ్రాయుదురు. వానితోపాటు మూలము ఫిల్మా, టేపా. పరిష్కరించినవారెవరు, ఏ యేట. రంగు మొదటినుండి కలదా, పిదప అద్దినదా. కోత పడినదా — ఇవి గూడ వ్రాయవలెను. కడపటి గడిలో రెండేండ్ల కొకసారి డిస్కును మొదటినుండి తుదివరకు ఆడించి చూచినవారి సంతకము, తేదీ యుండవలెను. మొదటి డిస్కు గడప దాటిన దినముననే ఈ పుస్తకము తెరచుట ఉచితము, తరువాత వ్రాసికొందమన్నచో అట్ట మీది ప్రకటన తప్ప ఆధారము మిగులదు.