సంఘపు తలుపు, సభ్యుల పేటిక



మన విద్యానిధికై యువజనులు నిర్మించిన వెబ్ అప్లికేషనునకు రెండు వసతులు చేర్పవలెనని సూచన వచ్చియున్నది. సభ్యులొక్కొక్కరును తమతమ పేర ప్రవేశించు లాగిన్ మొదటిది. చందాలును విద్యార్థివేతనములును నిలువయుండు డిజిటల్ వాలెట్టు రెండవది. మొదటిదానిని స్వీకరింపవలెననియు, రెండవదానిని మానవలెననియు మా యభిప్రాయము. కారణములు విన్నవింతుము.

ముందుగా మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. గత సంవత్సరము, మిరపకాయలకు తొడిమలు తీయు కూలికి పోవు నొక తల్లి కుమార్తెకు మన నిధినుండి వేతనము మంజూరైనది. పట్టికలో ఆ తల్లి పేరున కెదుట ఆమె బావగారి ఫోను నంబరుండెను. ధనము ఆ నంబరు ననుసరించి ఆయన ఖాతాకు చేరెను. అది ఏ ధనమో తెలియక ఆయన పురుగుమందుల బాకీకి కట్టివేసెను. బాలిక పరీక్షరుసుము గడువు దాటిపోయెను. ఆయనయందు దురుద్దేశము లేదు. ఇంటికొక నంబరు చాలునని తలచి దానిని వ్రాసినవారము మేమే.

లాగిన్ అనగా “నీవెవ్వరు?” అను ప్రశ్న. ఈ ప్రశ్న యొక్క బరువు మన పత్తి రైతు లెరుగనిది కాదు. 2025-26 పత్తి ఋతువున మద్దతుధరకు అమ్మదలచిన రైతులు భారత పత్తి సంస్థవారి కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా నమోదు కావలసివచ్చినది. పత్తి తెచ్చు దినమును అందులోనే నిశ్చయించుకొనవలెను. సొమ్ము ఆధారుతో ముడిపడిన బ్యాంకు ఖాతాకు పోవును. భూమి తన పేర నున్న రైతునకు ఇది సులభమే. కౌలుదారునికో? 2019 నాటి రాష్ట్ర చట్టము ప్రకారము సాగుహక్కు పత్రము పొందుటకును భూయజమాని సమ్మతి కావలయును. చెమటోడ్చినవా డొకడు, పేరు గలవాడు మరియొకడు అగుచున్నాడు. యంత్రము చేనిని చూడదు, పట్టికను చూచును. మన పట్టికలో అట్టి లోపము మనమే కల్పించుకొనరాదు. కావున సభ్యత్వము ఇంటిపెద్ద పేర గాక, సభ్యుల పేరనే యుండవలెను.

ఇక పాస్‌వర్డు. దానిని ఉన్నదున్నట్లు వ్రాసి దాచుట మహాదోషము. ఆ పట్టిక దొంగల చేతబడిన నాడు అందరి రహస్యమును బయటబడును. మన స్త్రీలు రోట దంచిన కారమును మరల కాయగా చేయనెవ్వరి తరము? సరిగా నిర్మించిన అప్లికేషను పాస్‌వర్డును అట్లే దంచి, పొడిని మాత్రమే దాచును. సభ్యుడు మరల వచ్చినపుడు ఆతడిచ్చిన మాటను దంచి, పొడితో పొడిని పోల్చును. ఇద్దరు ఒకే మాట నెన్నుకొన్నను పొడులు వేరుగా నుండుటకై, ఒక్కొక్కరి దానిలో వేరువేరు ‘ఉప్పు’ కలుపుదురు. ఈ ఉప్పు అను పేరు మేము పెట్టినది కాదు, ఆ శాస్త్రజ్ఞులు వాడు పేరే. మన కార్యకర్తలు సైతము సభ్యుల పాస్‌వర్డును చదువజాలని రీతిగా నుండుటయే సరియైన పద్ధతి. ఫోనునకు వచ్చు ఓటీపీ మాత్రము ఫోను పట్టుకొన్నవానినే సభ్యుడని నమ్మును. కాన దాని నొకదానినే నమ్మి ధనము కదల్పరాదు.

వాలెట్టు విషయము వేరు. 2016లో వెలువడిన యూపీఐ ధనమును ఒక బ్యాంకు ఖాతానుండి మరియొకదానికి చేర్చును, మధ్య నిలువయుంచదు. వాలెట్టు అట్లుకాదు, సభ్యుని ధనము నడిపించువాని యొద్ద నిలువయుండును. తన సొంత సేవలకు మాత్రమే చెల్లునట్లు ఒక సంస్థ నడపు వాలెట్టునకు రిజర్వుబ్యాంకు అనుమతి యక్కరలేదు; కాని దానినుండి నగదు తీయ వీలులేదు. ఇతరుల యొద్ద చెల్లవలెనన్నచో 2007 నాటి చెల్లింపుల చట్టము క్రింద అనుమతి కావలెను. 2021 నాటి నిబంధనల ప్రకారము, బ్యాంకు కానివారు అట్టి అనుమతి కోరునాటికి 5 కోట్ల రూపాయల నికర ఆస్తి చూపి, పిదప దానిని 15 కోట్లకు పెంచవలెను. పుస్తకములు కొనుటకును, బస్సుచార్జీకిని పనికిరాని వాలెట్టు పేదవిద్యార్థి కెందులకు? పనికివచ్చు వాలెట్టు నడపు స్తోమత మనకెక్కడిది? పరుల సొమ్మునకు కావలి కూర్చుండిన సంఘములలో కంచెయే చేను మేసిన కథలు ఈ సభలో వినని వారుండరు.

మరియొక మాట. లాగిన్ వచ్చిననాడు గ్రామగ్రామమునందలి మనవారి పేళ్లు, నంబర్లు ఒక్కచోట చేరును. ఎన్నికల కాలమున అట్టి పట్టికకు గిరాకి మెండు. ఒక పనికై సమ్మతిపై తీసికొన్న వివరములను మరియొక పనికి వాడరాదని 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. 18 సంవత్సరములు నిండని వారికి తల్లిదండ్రుల సమ్మతి కావలెను. ఆ చట్టపు నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. చట్టమటుండ, చదువుకొరకు నమ్మి యిచ్చిన నంబరును ఓట్లకొరకు ఏ పక్షమువారికైనను, అతడు మనవాడే యైనను, ఇచ్చుట నమ్మకద్రోహమని మా మనవి.

కాన ఈ సభవారు క్రింది తీర్మానములను పరిశీలింతురుగాక.

మొదటిది: సభ్యులొక్కొక్కరికిని వేరు లాగిన్ ఉండవలెను. ఫోను లేనివారికి ఇప్పటి కాగితపు పాసుపుస్తకము అంతే చెల్లుబాటుతో కొనసాగవలెను. నంబరు మార్పవలసినపుడు సభ్యురాలు స్వయముగా శాఖకు రాగా, ఇద్దరు శాఖాసభ్యులు గుర్తించి మార్పవలెను.

రెండవది: వాలెట్టు వలదు. వేతనము విద్యార్థి పేర, లేదా తల్లి పేర నున్న బ్యాంకు ఖాతాకే పంపవలెను. పంపుటకు ముందు ఆ ఖాతా పేరును వారికి చదివి వినిపింపవలెను. అప్లికేషను లెక్క చూపును గాని ధనము నుంచుకొనదు.

మూడవది: ప్రతి చెల్లింపునకును ఇద్దరు కార్యవర్గసభ్యుల యామోదము కావలెను. వ్రాసిన పద్దును చెరుపరాదు. తప్పైనచో ఎదురుపద్దు వ్రాసి సరిచేయవలెను. పట్టికను బయటివారి కీయరాదు.

తాళము వేసితిని, గొళ్ళెము మరచితిని అను సామెత మన యింటింట నున్నదే. పాస్‌వర్డు తాళము మాత్రమే. ఎవరి సొమ్ము వారి చేతికి చేరినదా యని విచారించుట గొళ్ళెము. ఆ బాలిక రుసుమును కార్యవర్గమువారు తరువాత అపరాధముతో సహా చెల్లించిరి, ఆమె పరీక్ష వ్రాసినది. కాని తన కూతురి డబ్బేమైనదని మా గుమ్మమున నిలిచి అడిగిన ఆ తల్లికి మేమానాడు సమాధానము చెప్పలేకపోతిమి. మరియొక తల్లి అట్లు అడుగవలసిన యవసరము రాకుండ చూడుడని ప్రార్థించి, ఇంతటితో విరమించుచున్నాము.