కొత్త తొట్టెలో తెల్లనీళ్లు

విశాఖ వెళ్లి ముచ్చటగా చేపల తొట్టె తెచ్చుకున్నారు. నీళ్లేమో బియ్యం కడిగినట్టు తెల్లబడ్డాయి. కంగారు పడకండి.

నింపగానే మసకబారితే అది గులకరాళ్ల దుమ్ము. రెండు మూడు రోజులకి తెల్లబడితే మాత్రం బ్యాక్టీరియా. మిగిలిన మేత కుళ్లితే అవి ఒక్కసారిగా పెరుగుతాయి.

చాలామంది ఇక్కడే నీళ్లన్నీ పారబోసి, ఫిల్టర్ కూడా కడిగేస్తారు. వద్దండీ. అమ్మోనియాను విరిచే మేలు బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో ఇప్పుడిప్పుడే కుదురుకుంటుంది. స్పాంజిని కుళాయి కింద కడిగితే, నీళ్లలోని క్లోరిన్‌కి ఆ బ్యాక్టీరియా కాస్తా చస్తుంది.

మేత తగ్గించండి. ఫిల్టర్ రాత్రీపగలూ నడవనివ్వండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే పావువంతు నీళ్లు మార్చండి, క్లోరిన్ విరుగుడు కలిపినవే పోయండి. మళ్లీ చెబుతున్నా: మేత తక్కువ, ఫిల్టర్ ఆగకూడదు. మామూలుగా వారం పది రోజుల్లో తేటపడతాయి.

ఆకుపచ్చగా మారాయా? అది నాచు. తొట్టెను ఎండ తగలని చోటికి జరపండి.