మళ్లీ ఒకసారి చూపించు



మన బ్యాంకుల్లో కంప్యూటర్లకు బాట వేసిన రంగరాజన్ కమిటీ నివేదిక 1984లో వచ్చింది. ఇన్నేళ్లయినా "సిస్టమ్ పనిచేయడం లేదు" అనే మాట మనల్ని వదల్లేదు.

ఎంబీఏలో నేను చదువుకున్న ఫ్రెడ్ డేవిస్ సిద్ధాంతం 1989 నాటిది. ఉపయోగం ఉందనీ, వాడటం తేలికనీ నమ్మినవారే సాంకేతికతను స్వీకరిస్తారంటాడాయన. ఆ నమ్మకం లేనప్పుడే తెర మీది ఎర్రర్ మెసేజ్ చదవకుండా హెల్ప్‌డెస్క్ కుర్రాడిని కసురుకుంటాం. ఏం నొక్కాం, ఏం వచ్చింది, ఎప్పటి నుంచి అన్న మూడూ చెబితే అతనికి దారి దొరుకుతుంది. కౌంటర్ ముందు నిలబడ్డ పెన్షనరు త్వరగా ఇల్లు చేరతాడు.

ఇంట్లో పిల్లలు ఫోన్ నేర్పితే "నాకు రాదు" అనకండి, "మళ్లీ ఒకసారి చూపించు" అనండి. ఆఫీసులోనూ అదే మాట అందాం.